షార్ట్‌స్టాపా, సెకండ్ బేసా, థర్డ్ బేసా? పదిహేనేళ్ళ కుర్రాడిని ఎక్కడ నిలబెట్టాలి

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్ళు, బేస్‌బాల్ ఆడతాడు. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, ఇంకా పెరుగుతున్నాడు. కుడిచేత్తో విసురుతాడు, బ్యాటింగ్ మాత్రం ఎడమచేతివాటం. 60 గజాల పరుగు 7.2 సెకన్లు. షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య కాచే చోటు) నుంచి ఫస్ట్ బేస్‌కి విసిరితే రాడార్ గన్ మీద గంటకి 74 మైళ్ళు పడింది. ఎనిమిదో ఏటి నుంచీ షార్ట్‌స్టాపే ఆడుతున్నాడు. స్కూలు జట్టు కోచ్ అక్కడే ఉంచుతానంటున్నారు. క్లబ్బు జట్టులోకి ఇంకా గట్టిగా విసిరే కుర్రాడొకడు రావడంతో మావాణ్ణి సెకండ్ బేస్‌కి జరిపారు. ఇంకో కోచేమో "పొడుగు పెరుగుతున్నాడు, ఇప్పట్నుంచే థర్డ్ బేస్ నేర్పించండి" అంటున్నారు. అప్పుడప్పుడు పిచింగ్ (బ్యాటర్‌కి బంతి వేయడం) కూడా చేస్తాడు. కాలేజీలోనూ, కుదిరితే ఆ పైనా ఆడాలని వాడి ఆశ. ఏ స్థానం మీద గురి పెట్టమంటారు? సెకండ్ బేస్‌కి పంపారని వాడు చిన్నబుచ్చుకున్నాడు కూడా. గ్లవ్ మార్చాలా అన్నది ఇంకో సందేహం.

జవాబు: స్కూలు జట్టులో షార్ట్‌స్టాప్ ఆడనివ్వండి. క్లబ్బులో సెకండ్ బేస్‌కి సంతోషంగా ఒప్పుకోండి. థర్డ్ బేస్ మాట మరో ఏడాదిన్నర ఎత్తకండి. మీరు రాసిన అంకెలు చూస్తే మీవాడు చివరికి సెకండ్ బేస్‌లో కుదురుకునే అవకాశమే ఎక్కువగా కనిపిస్తోంది. అయితే అది ఈ రోజు తేల్చాల్సిన విషయం కాదు. తేల్చాల్సిన రోజు వచ్చినప్పుడు కూడా ఎత్తు కొలిచే టేపు పక్కన పెట్టి స్టాప్‌వాచ్ తీయండి.

స్కూల్లో షార్ట్‌స్టాప్‌ని వదులుకోవద్దని ఎందుకంటున్నామో ముందు చెబుతాం. బిల్ జేమ్స్ అనే బేస్‌బాల్ విశ్లేషకుడు ఫీల్డింగ్ స్థానాలను కష్టాన్ని బట్టి ఒక వరుసలో పేర్చాడు. తేలిక వైపు ఫస్ట్ బేస్, తర్వాత లెఫ్ట్ ఫీల్డ్, రైట్ ఫీల్డ్, థర్డ్ బేస్, సెంటర్ ఫీల్డ్, సెకండ్ బేస్, కొసన షార్ట్‌స్టాప్. ఆటగాళ్ళు వయసుతోపాటు కష్టం వైపు నుంచి తేలిక వైపుకి జరుగుతారు, ఎదురెక్కేవాళ్ళు అరుదు. చిప్పర్ జోన్స్‌ని 1990 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మొట్టమొదటి ఎంపికగా తీసుకున్నది షార్ట్‌స్టాప్‌గానే, పేరు తెచ్చుకున్నది థర్డ్ బేస్‌లో. మానీ మచాడో 2010లో షార్ట్‌స్టాప్‌గా ఎంపికై 2012లో థర్డ్ బేస్‌లో అడుగుపెట్టాడు. డస్టిన్ పెడ్రోయా కాలేజీలో షార్ట్‌స్టాప్, అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో సెకండ్ బేస్. ఎదురెక్కినవాడెవరంటే అందరూ మూకీ బెట్స్ పేరు చెబుతారు: ఏళ్ళ తరబడి రైట్ ఫీల్డ్ ఆడి 2024లో షార్ట్‌స్టాప్‌కి వచ్చాడు. కానీ అతన్నీ 2011లో డ్రాఫ్ట్ చేసింది షార్ట్‌స్టాప్‌గానే. కుర్రతనంలో పడిన పునాది పదమూడేళ్ళ తర్వాత అక్కరకొచ్చింది. 15 ఏళ్ళకే షార్ట్‌స్టాప్ సాధన పూర్తిగా మానేసినవాడు 18 ఏళ్ళప్పుడు తిరిగి రావడం మాత్రం చాలా కష్టం.

అలాగని "ఎప్పటికీ షార్ట్‌స్టాపే" అని పట్టుబట్టడమూ సరికాదు. చిన్నపిల్లల మైదానంలో బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు. అక్కడ చురుగ్గా ఉన్న ప్రతి పిల్లవాడూ షార్ట్‌స్టాపే. 90 అడుగుల మైదానానికి వచ్చేసరికి విసరాల్సిన దూరం, పరిగెత్తాల్సిన మేర రెండూ ఒకటిన్నర రెట్లవుతాయి. ఎనిమిదో ఏటి నుంచీ ఆడుతున్నాడన్నది అలవాటుకు సాక్ష్యమే గానీ పెద్ద మైదానంలో సరిపోతాడనడానికి కాదు. దానికి లెక్క వేరే ఉంది.

బ్యాట్‌కి బంతి తగిలిన క్షణం నుంచి బ్యాటర్ ఫస్ట్ బేస్ తొక్కేదాకా ఉన్నదే ఇన్‌ఫీల్డర్‌కి (బేస్‌ల దగ్గర కాచేవాడికి) గడువు. ప్రొఫెషనల్ స్కౌట్లు (ఆటగాళ్ళని వెతికి అంచనా వేసేవాళ్ళు) కుడిచేతి బ్యాటర్‌కి 4.3 సెకన్లు, ఫస్ట్ బేస్‌కి కాస్త దగ్గరగా నిలబడే ఎడమచేతి బ్యాటర్‌కి 4.2 సెకన్లు సగటుగా లెక్కేస్తారు. హైస్కూలు కుర్రాళ్ళకి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది, 4.5 అనుకోండి. ఈ గడువులో బంతి దొర్లుకుంటూ రావాలి, దాన్ని అందుకుని వదలాలి, అది ఫస్ట్ బేస్‌మన్ గ్లవ్‌లో పడాలి.

షార్ట్‌స్టాప్ మామూలుగా నిలబడే చోటు నుంచి ఫస్ట్ బేస్ దాదాపు 120 అడుగులు. 74 మైళ్ళ వేగమంటే సెకనుకి 108 అడుగులు. గాలిలో కొంత వేగం తగ్గుతుంది కాబట్టి ఆ దూరానికి 1.2 సెకన్లు వేసుకోండి. బంతి రావడానికి 1.8, అందుకుని వదలడానికి 1.1 కలిపితే మొత్తం 4.1. ఫర్వాలేదు, బ్యాటర్ అవుట్. ఇప్పుడు అదే బంతి మీవాడి కుడివైపుకి, థర్డ్ బేస్‌కీ అతనికీ మధ్య ఖాళీలోకి వెళ్ళిందనుకుందాం. బ్యాక్‌హ్యాండ్‌తో (గ్లవ్ చేతిని ఒంటికి అడ్డంగా కుడివైపుకి చాచి) అందుకున్న చోటు నుంచి ఫస్ట్ బేస్ 135 అడుగులు. పరుగు ఆపి కుడికాలు నాటుకోవడానికే పావు సెకను పోతుంది. బంతి ప్రయాణం 1.4. మొత్తం 4.5 దాటింది, బ్యాటర్ బతికిపోయాడు. అదే చెయ్యి 84 మైళ్ళు విసిరితే ఆ 135 అడుగులు 1.2 సెకన్లలో దాటుతుంది. మిగిలిన 0.2 సెకన్లంటే పరుగు మీదున్నవాడికి అయిదడుగులు. షార్ట్‌స్టాప్‌కీ సెకండ్ బేస్‌కీ మధ్య గీత ఈ అయిదడుగుల్లోనే ఉంది. సెకండ్ బేస్ నుంచి మామూలు బంతికి విసరాల్సింది 55 అడుగులే, బేస్ వెనక్కి పరిగెత్తి అందుకున్నా దాదాపు 100 అడుగులే.

ఈ కొలత మీరే తీసుకోవచ్చు. ఫోన్‌ని హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక కొంచెం ఎత్తులో, బ్యాటూ ఫస్ట్ బేస్ రెండూ కనబడేలా పెట్టి సెకనుకి 60 ఫ్రేముల వీడియో తీయండి. కోచ్ చేత ఫంగో బ్యాట్‌తో (ఫీల్డింగ్ సాధనకి వాడే తేలికైన బ్యాట్) 24 బంతులు కొట్టించండి: ఆరు నేరుగా, ఆరు బ్యాక్‌హ్యాండ్ వైపు, ఆరు సెకండ్ బేస్ వైపు, ఆరు మెల్లగా దొర్లేవి. మ్యాచ్‌లో వచ్చే వేగంతోనే కొట్టమనండి. మెత్తగా కొడితే అంకెలన్నీ దారి తప్పుతాయి. బంతి బ్యాట్‌కి తగిలిన ఫ్రేము నుంచి ఫస్ట్ బేస్ గ్లవ్‌లో పడిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 4.5 సెకన్ల గడువంటే 270 ఫ్రేములు. ఫస్ట్ బేస్‌మన్ బేస్ వదిలి కదలాల్సి వస్తే, లేదా బంతిని నేలమీంచి ఏరుకోవాల్సి వస్తే సమయం ఎంత బాగున్నా అది తప్పిన బంతి కిందే లెక్క. వారం ఎడంగా మూడుసార్లు చేయండి. పిచింగ్ చేసిన మర్నాడు మాత్రం వద్దు, అలసిన చేతిని కొలిచి స్థానం నిర్ణయించడం అన్యాయం. 24లో 18 గడువులోపు పడితే షార్ట్‌స్టాప్ గురించి ఇంకా గట్టిగా మాట్లాడవచ్చని మా అంచనా.

మొత్తం ఎంత వచ్చిందన్నదాని కన్నా సమయం ఎక్కడ పోయిందన్నది ముఖ్యం. ఆ వీడియోలోనే గ్లవ్‌కి బంతి తగిలిన ఫ్రేము నుంచి చేతిలోంచి వదిలిన ఫ్రేము దాకా విడిగా లెక్కపెట్టండి. అది 72 ఫ్రేములు, అంటే 1.2 సెకన్లు దాటుతుంటే లోపం కాళ్ళలోనో, గ్లవ్‌లోంచి బంతి తీసే తీరులోనో ఉంది. ఇది నాలుగైదు నెలల్లో దిద్దుకునేదే. బంతి అందుకోగానే కుడికాలు ఎడమకాలి ముందు నుంచి ఫస్ట్ బేస్ వైపు కదలాలి. చాలామంది వెనక నుంచి వేస్తారు. అప్పుడు ఎడమ భుజం ముందే తెరుచుకుంటుంది, బంతి హోమ్ ప్లేట్ వైపుకి వంగి ఫస్ట్ బేస్‌మన్‌ని పరిగెత్తుకొచ్చేవాడి దారిలోకి లాగుతుంది. దీన్ని చూసి "చెయ్యి బాగాలేదు" అనేస్తారు, తప్పు కాలిది.

వదలడం త్వరగానే ఉండి బంతి ప్రయాణమే ఎక్కువ పడుతుంటే అది చేతి బలం. 15 ఏళ్ళకి 74 మైళ్ళు చిన్న అంకె కాదు. ఒళ్ళు నిండుతున్నకొద్దీ, బరువులెత్తే సాధన మొదలైనకొద్దీ రెండేళ్ళలో బాగానే పెరగవచ్చు, పెరగకపోనూ వచ్చు. కాలేజీల్లో పై స్థాయి షార్ట్‌స్టాప్‌లు 80ల మధ్యకి విసురుతారు, అది గుర్తుపెట్టుకోండి. ఒక హెచ్చరిక: ఈ 74 ఎలా కొలిచారు? నాలుగడుగులు పరిగెత్తి ఎగిరి విసిరిన బంతికి పడిన అంకె, గ్రౌండర్ (నేలమీద వచ్చే బంతి) అందుకుని ఒక్క అడుగు మార్చి విసిరిన బంతికి పడదు. మ్యాచ్‌లో పనికొచ్చేది రెండోదే, అందుకే మళ్ళీ కొలిపించండి.

మూడోది, అసలు బంతి దగ్గరికి చేరడమే ఆలస్యమవుతుంటే తీవ్రంగా తీసుకోవాలి. 60 గజాల పరుగులో 7.2 అంటే ఆ వయసుకి ఫర్వాలేదు. స్కౌట్లు 6.8, 6.9 ప్రాంతాన్ని ప్రొఫెషనల్ సగటుగా చూస్తారు. కానీ ఇన్‌ఫీల్డర్ 60 గజాలు ఎప్పుడు పరిగెత్తాడు గనుక? అతనికి కావాల్సింది మొదటి మూడడుగులు. పిచర్ చేతిలోంచి బంతి బయల్దేరగానే చిన్నగా ఎగిరి, అది బ్యాటర్ ముందుకొచ్చే క్షణానికి రెండు పాదాలూ నేల తాకేలా దిగాలి. వీడియోలో ఇది ఇట్టే దొరుకుతుంది. మీవాడు బంతి తగిలాక దిగుతున్నాడా, ఇంకా గాలిలోనే ఉన్నాడా? అదే అయితే సంతోషించండి, పోతున్న సమయమంతా అక్కడే ఉంది, నేర్పితే వస్తుంది. సరైన సమయానికి దిగి కూడా రెండువైపులా పది పన్నెండడుగుల దూరంలోని బంతులు దాటిపోతుంటే మాత్రం షార్ట్‌స్టాప్ ఆశ తగ్గించుకోవాలి. చెయ్యి ఎదుగుతుంది, మొదటి అడుగు అంతగా ఎదగదు.

సెకండ్ బేస్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీవాడు చిన్నబుచ్చుకున్నది దాని గురించే. "చెయ్యి బలం లేనివాళ్ళ చోటు" అనే చులకన ఇంకా కొందరిలో ఉంది. మార్కస్ సెమియన్ షార్ట్‌స్టాప్ నుంచి 2021లో సెకండ్ బేస్‌కి మారి, ఆ ఏడాదే 45 హోమ్ రన్లు కొట్టాడు. 2023 నుంచి మేజర్ లీగ్‌లో సెకండ్ బేస్‌కి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఇన్‌ఫీల్డర్లు తప్పనిసరిగా ఉండాలి, నలుగురి పాదాలూ ఇన్‌ఫీల్డ్ మట్టి దాటకూడదు. అంతకు ముందు సెకండ్ బేస్‌మన్‌ని రైట్ ఫీల్డ్ గడ్డిలోకి పంపి కాళ్ళ లోటు కప్పిపుచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు, అక్కడా వేగంగా కదిలేవాళ్ళే కావాలి.

అక్కడ కష్టమంతా డబుల్ ప్లేలో (ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేయడంలో) ఉంది. షార్ట్‌స్టాప్ బేస్ మీదికి వచ్చేటప్పుడు అతని ఒంటి ఊపు ఫస్ట్ బేస్ వైపే ఉంటుంది, బేస్‌కి జారుకుంటూ వచ్చే పరుగువాడు కళ్ళెదుటే కనిపిస్తాడు. సెకండ్ బేస్‌మన్‌కి అంతా తిరగబడుతుంది. బంతి థర్డ్ బేస్ వైపు నుంచి వస్తుంది, విసరాల్సింది ఎడమ భుజం వెనక్కి. పరిగెత్తుకొచ్చేవాడు కంటికి ఆనడు. షార్ట్‌స్టాప్ నుంచి వచ్చిన ప్రతి కుర్రాడూ మొదట చేసే పొరపాటు పరిగెత్తుతూనే బేస్ మీదికి రావడం. అలా వస్తే బంతి అటూ ఇటూ అయినప్పుడు సర్దుకోలేడు. బేస్‌కి ముందే చేరి, చివరి రెండు అడుగులు చిన్నవి చేసి, ఛాతీ విసిరేవాడి వైపు తిప్పి, ఎడమపాదం బేస్ మీద పెట్టి, రెండు చేతులూ ఛాతీ ఎత్తులో చూపించాలి. బంతి అందగానే కుడిపాదం బేస్ వెనక నేలలో నాటి, ఎడమపాదం ఫస్ట్ బేస్ వైపు వేసి విసరాలి. బంతిని గ్లవ్ లోతులో పట్టకూడదు, అరచేతి మీద ఆపి ఎదురుచేతిలోకి మళ్ళించాలి. మొదటి నెలంతా పరుగువాడు లేకుండా, సగం వేగంతో, పాదాలు మాత్రమే చూసుకుంటూ చేయించండి. వేగం తొందరపెడితే పాదం బేస్ మీద ఉండగానే నడుము తిప్పేస్తాడు, మోకాలికి అదే ప్రమాదం. నిబంధనలు కొంత రక్షణ ఇస్తున్నాయి: మేజర్ లీగ్‌లో 2016 నుంచి, ఫీల్డర్‌ని పడగొట్టడానికి దారి మార్చి జారడం నిషేధం. మోకాలి బాధ్యత మాత్రం ఇప్పటికీ పాదాలదే.

మిగతా పనులు కూడా కొత్తవే. బంట్ (బ్యాట్ మెల్లగా తాకించి దగ్గర్లోనే పడేసిన బంతి) పడి ఫస్ట్ బేస్‌మన్ ముందుకు దూకితే ఖాళీ అయిన ఫస్ట్ బేస్‌ని సెకండ్ బేస్‌మన్ కాచుకోవాలి. రైట్ ఫీల్డ్ నుంచి వచ్చే లోతైన బంతులకి మధ్యలో నిలబడి అందించేది కూడా అతనే. పరుగువాడు బేస్ దొంగిలించే (పిచ్ పడుతుండగానే తర్వాతి బేస్‌కి పరిగెత్తే) అవకాశమున్నప్పుడు ఎవరు బేస్ మీదికి వెళ్ళాలో ప్రతి బంతికీ ముందు తేల్చుకోవాలి. సాధారణంగా కుడిచేతి బ్యాటర్ ఉంటే సెకండ్ బేస్‌మన్, ఎడమచేతి బ్యాటర్ ఉంటే షార్ట్‌స్టాప్. గ్లవ్ మొహానికి అడ్డం పెట్టుకుని నోరు మూసి చూపిస్తే "నేను", తెరిచి చూపిస్తే "నువ్వు". ఇన్నేళ్ళు షార్ట్‌స్టాప్‌లో ఆ సైగ చేసినవాడు అవతలి వైపు నుంచి దాన్ని చదవడం నేర్చుకుంటే ఆట మొత్తం ఇంకో కోణంలో తెలుస్తుంది. క్లబ్బు అవకాశాన్ని సంతోషంగా ఒప్పుకోమన్నది ఇందుకే.

ఒక్క నష్టం ఉంది, దాన్ని ముందే చూసుకోవాలి. రెండేళ్ళు సెకండ్ బేస్ మాత్రమే ఆడితే చెయ్యి పొట్టి విసుర్లకి అలవాటు పడిపోతుంది. మోచెయ్యి కిందికి జారుతుంది, పక్కనుంచి తోయడం మొదలవుతుంది. ఆ తర్వాత షార్ట్‌స్టాప్‌కి పిలిచినా 120 అడుగులు నేరుగా వెళ్ళదు. అందుకే వారానికి రెండుసార్లు 120 అడుగుల దాకా దూరం పెంచుకుంటూ విసరడం ఆపకూడదు.

థర్డ్ బేస్‌కి మార్చమన్న కోచ్ సలహాలో సగం నిజం ఉంది. అక్కడ అటూ ఇటూ తిరగాల్సిన మేర తక్కువ, కాబట్టి ఒళ్ళు బరువెక్కినవాళ్ళు నిలబడగలరు. కానీ మీవాడి అంకెల్లో ఇంకా తేలాల్సింది చేతి బలం, థర్డ్ బేస్ అడిగేది సరిగ్గా దాన్నే. థర్డ్ బేస్ నుంచి ఫస్ట్ బేస్‌కి 127 అడుగుల 3 అంగుళాల పైచిలుకు. గట్టిగా కొట్టిన బంతి త్వరగా వస్తుంది కాబట్టి విసరడానికి వ్యవధి దొరుకుతుంది, నిజమే. మెల్లగా దొర్లే బంతికీ బంట్‌కీ ఆ వ్యవధి ఉండదు: ముందుకు పరిగెత్తి, ఒట్టి చేత్తో ఏరి, నడుము వంచినట్టే విసరాలి. గంటకి 90 మైళ్ళతో బ్యాట్ నుంచి వచ్చే బంతి 95 అడుగుల దూరంలో నిలబడ్డవాడిని ముప్పావు సెకనులో చేరుతుంది. అక్కడ కావాల్సింది పరుగు కంటే ముందు చురుకైన చూపు, బంతికి ఛాతీ అడ్డం పెట్టగల గుండె నిబ్బరం. పైగా థర్డ్ బేస్‌మన్ నుంచి కోచ్‌లు దూరం కొట్టే బ్యాట్ ఆశిస్తారు.

ఇక పొడుగు విషయం. కాల్ రిప్కెన్ 6 అడుగుల 4 అంగుళాల మనిషి, ఏళ్ళ తరబడి షార్ట్‌స్టాప్ ఆడి 1997లో గానీ థర్డ్ బేస్‌కి మారలేదు. కోరీ సీగర్‌దీ అదే ఎత్తు, ఎల్లీ డి లా క్రూజ్ ఇంకా పొడుగు, ఇద్దరూ షార్ట్‌స్టాప్‌లే. పొడుగువాడు షార్ట్‌స్టాప్ ఆడలేడన్నది పాతకాలపు మాట. చూడాల్సింది తుంటి, మోకాళ్ళు ఎంత కిందికి వంగుతున్నాయని. ఎత్తు ఒక్కసారిగా పెరిగే నెలల్లో ఏ కుర్రాడైనా కాళ్ళు తడబడినట్టు కనిపిస్తాడు. ఆ ఆర్నెల్లలో స్థానం మార్చేస్తే పెరుగుదల తడబాటుని శాశ్వత లోపంగా ముద్ర వేసినట్టే.

ఫస్ట్ బేస్ గురించి ఒక్క మాట చాలు. ఎడమచేత్తో విసిరే కుర్రాడికి ఇన్‌ఫీల్డ్‌లో ఉన్న చోటు అదే, ఎందుకంటే మిగతా మూడు చోట్లా అతను ఫస్ట్ బేస్‌కి విసరాలంటే ఒళ్ళంతా తిప్పుకోవాలి. కుడిచేత్తో విసురుతూ, కాళ్ళు కదులుతున్న 15 ఏళ్ళవాణ్ణి అక్కడ పెట్టడమంటే వరుసలో చివరి మెట్టు నుంచి మొదలుపెట్టడమే.

వారం సాధన ఇలా అమర్చుకోమని మా సలహా. రోజూ మోకాళ్ళ మీద కూర్చుని దగ్గర్నుంచి, ముందు పడి లేచే బంతులు 25, అరచేయి తెరిచి ముందుకు తీసుకునేలా. తర్వాత షార్ట్‌స్టాప్ నుంచి 20 గ్రౌండర్లు, అందులో సగం బ్యాక్‌హ్యాండ్ వైపువి, ఎందుకంటే మీవాడి భవిష్యత్తు తేలేది అక్కడ. సెకండ్ బేస్ నుంచి 15, వాటిలో పది పివట్లు (డబుల్ ప్లేలో బేస్ మీద బంతి అందుకుని తిరిగి ఫస్ట్ బేస్‌కి విసరడం). వారానికొకరోజు థర్డ్ బేస్ దగ్గర పది మెల్లటి బంతులు: అది థర్డ్ బేస్‌మన్‌ని తయారు చేయడానికి కాదు, పరుగు మీద విసరడం నేర్చుకోవడానికి. పూర్తి బలంతో ఫస్ట్ బేస్‌కి విసిరేవి రోజుకి 20, 25 మించకూడదు. మిగతావన్నీ అందుకుని పక్కనున్న బకెట్లో వేసేయమనండి. ఎక్కువమంది కుర్రాళ్ళ మోచేతులు మ్యాచ్‌ల కన్నా లెక్కలేని సాధన విసుర్లతోనే అలసిపోతాయని మా అభిప్రాయం.

పిచింగ్ కూడా చేస్తాడన్నారు కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. మేజర్ లీగ్ బేస్‌బాల్, అమెరికా బేస్‌బాల్ సంఘం కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 15, 16 ఏళ్ళవాళ్ళు రోజుకి 95 పిచ్‌లు దాటకూడదు, 76 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి. స్కూలు, క్లబ్బు రెండు జట్లలో ఆడేవాడికి ఈ లెక్క ఎవరూ కలిపి చూడరు, మీరే ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. ఆ విశ్రాంతి రోజుల్లో షార్ట్‌స్టాప్‌లో నిలబెట్టి లోతు నుంచి విసిరిస్తే చేతికి అది విశ్రాంతి కాదు. పిచింగ్ చేసిన మర్నాడు మ్యాచ్ తప్పనిసరైతే సెకండ్ బేస్ ఆడించమని అడగండి. రెండు స్థానాలు వచ్చి ఉండటం వల్ల మొట్టమొదటి లాభం ఇదే.

క్లబ్బు కోచ్‌తో మాట్లాడేటప్పుడు "మావాడు షార్ట్‌స్టాప్" అని మొదలుపెట్టకండి. వారానికి ఒక సాధనలోనైనా షార్ట్‌స్టాప్ గ్రౌండర్లు ఇస్తారా, గెలుపు ఖాయమైన మ్యాచ్‌ల చివరి ఇన్నింగ్స్‌లో ఆ చోటు ఇస్తారా, పివట్ ఎవరు నేర్పుతారు అని అడగండి. మూడోదానికి సరైన జవాబు రాకపోతే ఆ జట్టులో సెకండ్ బేస్ వల్ల లాభం సగమే. ప్రతిభా శిబిరాల దరఖాస్తులో మొదటి స్థానం షార్ట్‌స్టాప్, రెండోది సెకండ్ బేస్ అని రాయండి. కాలేజీ కోచ్‌లు సెకండ్, థర్డ్ బేస్‌లకి కూడా చాలామందిని షార్ట్‌స్టాప్‌ల జాబితాలోంచే ఏరుకుంటారు. ఎన్నో చోట్ల ఆడతాడన్నది ఇప్పుడు చిన్నతనం కాదు, 2022 నుంచి అలాంటి ఆటగాళ్ళకి విడిగా గోల్డ్ గ్లవ్ (మేజర్ లీగ్‌లో ఉత్తమ ఫీల్డింగ్ అవార్డు) ఇస్తున్నారు.

పదహారున్నర, పదిహేడు వచ్చాక ఆ 24 బంతుల పరీక్ష మళ్ళీ పెట్టండి. గ్రౌండర్ మీద విసిరే వేగం 80 దాటి, బ్యాక్‌హ్యాండ్ బంతుల్లో సగమైనా గడువులోపు చేరుతుంటే షార్ట్‌స్టాప్ మీద గురి పెట్టండి. చేతులూ కాళ్ళూ చురుగ్గా ఉండి చెయ్యి 70ల్లోనే ఆగిపోతే సెకండ్ బేస్, ఎడమచేతివాటం బ్యాట్ అక్కడ అదనపు ఆకర్షణ. చెయ్యి 85 దాటి, ఒళ్ళు భారీగా పెరిగి, మొదటి అడుగు నెమ్మదించితే అప్పుడు ఆ కోచ్ గారి థర్డ్ బేస్ సలహా బయటికి తీయండి.

గ్లవ్ మార్చనక్కర్లేదు, 11.5 అంగుళాలది అయితే షార్ట్‌స్టాప్‌కీ సెకండ్ బేస్‌కీ రెండింటికీ సరిపోతుంది. థర్డ్ బేస్‌వాళ్ళు వాడే 12 అంగుళాల లోతు గ్లవ్ ఇప్పుడే కొనిస్తే పివట్‌లో బంతి గ్లవ్ అడుగున ఇరుక్కుని చేతికి దొరకదు.